దవడ కండరాల నొప్పి: 14 నెలలుగా మెత్తటి తిండే తింటున్నాను, ఇంకా ఏం మానేయాలి?

బందరు_టీచర్
నవంబర్ 12, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నాకు 41 ఏళ్ళు. హైస్కూల్లో సోషల్ చెబుతాను, రోజుకు ఆరు పీరియడ్లు. కిందటేడు దసరా సెలవుల ముందు రెండు చెవుల ముందర, చెక్కిళ్ళలో నొప్పి మొదలైంది. పొద్దున లేచేసరికి దవడలు బిగుసుకుపోయి ఉంటాయి. బ్రష్ చేసుకోవాలంటే ముందు వేడినీళ్ళ గుడ్డతో కాపడం పెట్టుకోవాలి. సాయంత్రానికి కణతలు లాగుతాయి. పంటి డాక్టర్ ఎక్స్‌రే తీయించి, పళ్ళు బాగున్నాయి, కీలు బాగుంది, ఇది కండరాల నొప్పి అన్నారు. మెత్తటివి తినమన్నారు. ఎన్నాళ్ళో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.

అప్పటి నుంచి పొద్దున రాగి జావ, మధ్యాహ్నం మెత్తగా ఉడికించిన పెరుగన్నం, రాత్రి సాంబారులో నానబెట్టిన ఇడ్లీ. మొదటి నెల ప్రాణం లేచొచ్చినట్టు అనిపించింది. తర్వాత ఒకరోజు చపాతీ తింటే నొప్పి వచ్చింది, చపాతీ మానేశాను. పెసరట్టు అంచు కరకరలాడితే నొప్పి వచ్చింది, అదీ మానేశాను. ఇప్పుడు బెండకాయ వేపుడు కూడా నమలలేకపోతున్నాను. 58 కిలోల దాన్ని 51కి వచ్చాను. షుగర్ వచ్చిందేమోనని స్టాఫ్‌రూంలో అడుగుతున్నారు. మా అత్తగారు నా కంచంలో పోపు గింజలు కూడా ఏరి తీసేస్తున్నారు. ఆవిడని చూస్తే నాకు ఏడుపొస్తోంది.

తిండి మార్చుకుని ఈ నొప్పి తగ్గించుకున్నవాళ్ళు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి. ఇంకా ఏం మానేయాలి?


ప్లేనో_తెలుగు
నవంబర్ 12, రాత్రి 11:15

టీచర్ గారూ, మీ బాధ నాకు బాగా తెలుసు. నేను టెక్సస్‌లో ఉంటాను, రెండేళ్ళ కిందట ఇదే పరిస్థితి. నా విషయంలో తప్పు అన్నం కూరల్లో లేదు. ఆఫీసులో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా చూయింగ్ గమ్ నమిలేవాణ్ణి. కూల్‌డ్రింక్ అయిపోయాక గ్లాసులో మిగిలిన ఐసు ముక్కలు కొరకడం ఇంకో అలవాటు. కాఫీ రోజుకు ఐదు కప్పులు, ఆఖరిది సాయంత్రం ఆరు తర్వాత. గమ్, ఐసు ఒక్కసారే మానేశాను. కాఫీ మాత్రం వారానికో కప్పు చొప్పున తగ్గించుకుంటూ వచ్చాను, ఒకేసారి మానితే రెండు మూడు రోజులు తలనొప్పి చంపేస్తుంది. నెలన్నరకు పొద్దుటి బిగుతు సగానికి పైగా పోయింది. మీరు భోజనం కాకుండా ఇంకేమైనా నములుతుంటారా?


గోధుమ_మానేశా
నవంబర్ 13, ఉదయం 7:05

నాది హైదరాబాద్. మూడేళ్ళు బాధపడ్డాను. గోధుమ, మైదా, పంచదార పూర్తిగా ఆపేశాక రెండు నెలల్లో నొప్పి పోయింది. జొన్న, సజ్జ, బియ్యం మాత్రమే తింటాను. గోధుమలో ఉండే గ్లూటెన్ ఒంట్లో వాపు పెంచుతుందని చదివాను. ఇంత కష్టపడ్డారు కదా, ఇదొక్కటీ చేసి చూడండి అక్కా.


బందరు_టీచర్
నవంబర్ 13, సాయంత్రం 6:20

ఇద్దరికీ ధన్యవాదాలు. గమ్ అలవాటు లేదు. కానీ పేపర్లు దిద్దేటప్పుడు పెన్ను మూత కొరుకుతానని మా పాప చెప్పింది. కాఫీ మూడుసార్లు, టీ రెండుసార్లు. జావ మీద బతుకుతున్నాక ఓపిక కోసం కాఫీ పెరిగింది, అబద్ధం చెప్పను. గోధుమ ఎలాగూ తినడం లేదు కాబట్టి తమ్ముడూ, నాకు ఆ మార్గం పనిచేసేట్టుంటే ఈపాటికి పనిచేసి ఉండాలి కదా?


ఓరల్_మెడిసిన్_వరంగల్
నవంబర్ 13, రాత్రి 10:30

టీచర్ గారూ, నేను దంతవైద్యురాలిని, ఇలాంటి నొప్పులే రోజూ చూస్తాను. చూడకుండా మందు చెప్పను. కానీ మీరు రాసిన దాంట్లో ఒక విషయం చూసి ఆగలేక రాస్తున్నాను.

చెక్కిలి మీద చేయి పెట్టి పళ్ళు గట్టిగా బిగిస్తే ఒక కండ చేతికి తగులుతుంది. అదే మ్యాసెటర్. కణత మీద కదిలేది టెంపొరాలిస్. మీకు నొప్పి ఉన్నది ఈ రెండింట్లోనే అనిపిస్తోంది. ఇవి కూడా చేతి కండ, కాలి కండ లాంటివే. కాలు బెణికితే నాలుగు రోజులు నడక తగ్గించుకుంటాం. 14 నెలలు మంచం దిగకపోతే బెణుకు ఎప్పుడో తగ్గిపోయినా ఆ కాలు మెట్లెక్కలేదు. మీ దవడకు జరిగింది ఇదేనని నా అనుమానం. మొదట్లో మెత్తటి తిండి సరైన సలహానే. కానీ అది రెండు వారాలకు, మహా అయితే మూడు నాలుగు వారాలకు. ఆ తర్వాత మెల్లగా నమలడంలోకి రావాలి. మీరు వెనక్కి వెళ్ళారు. ముందు చపాతీ, తర్వాత పెసరట్టు, ఇప్పుడు బెండకాయ. మానేసిన కొద్దీ కండ బలం తగ్గింది, బలం తగ్గిన కొద్దీ చిన్నదానికే నొప్పి వస్తోంది. అందుకే ఇంకా ఏం మానేయాలన్న మీ ప్రశ్నే నన్ను భయపెట్టింది. మీరు ఇప్పుడు అడగవలసింది ముందు ఏది తిరిగి తినాలి అని.

మూడు నెలలు దాటిన ఇలాంటి నొప్పుల మీద 2023 డిసెంబర్‌లో బీఎంజే వైద్య పత్రికలో మార్గదర్శకాలు వచ్చాయి. ఫిజియో పర్యవేక్షణలో దవడ వ్యాయామాలు, సాగదీయడం, మెడ భంగిమ సరిచేసే వ్యాయామాలు, చేత్తో కండరాల ముడులు వదులు చేయడం, టెన్షన్‌ను అదుపు చేసే కౌన్సెలింగ్, ఇంట్లో చేసుకునే జాగ్రత్తలు, వీటిని బలంగా సిఫారసు చేశారు. ఫలానాది తినండి, ఫలానాది మానండి అన్నది వాటిలో లేదు. నైట్ గార్డులు (రాత్రి పళ్ళకు పెట్టుకునే తొడుగులు), కండరాన్ని వదులు చేసే బొటాక్స్ ఇంజెక్షన్లు కూడా మొదటి మార్గంగా వద్దన్నట్టే చెప్పారు. పళ్ళు అరిగిపోకుండా గార్డ్ వాడటం వేరే విషయం.

అంటే తిండికి సంబంధం లేదని కాదు. నమలడంలో ఎంత బరువు పడుతుంది, ఎంతసేపు పడుతుంది, అదీ తిండితో ఉన్న అసలు సంబంధం. కాఫీ గురించి ప్లేనో గారు చెప్పింది విలువైనది. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. నిద్రలో పళ్ళు కొరకడానికి, కాఫీకి, సిగరెట్టుకు, మద్యానికి సంబంధం కనిపిస్తోందని చాలా పరిశీలనలు చెబుతున్నాయి. మధ్యాహ్నం రెండు తర్వాత కాఫీ, టీ ఆపండి. పెన్ను మూత రేపే ఆపండి. భోజనం లేనప్పుడు పళ్ళు ఒకదానికొకటి తగలకూడదు: పెదవులు మూసి, పళ్ళ మధ్య సందు ఉంచి, నాలుక కొన పైపళ్ళ వెనక ఆనించండి.

ఇంకొకటి. అద్దం ముందు నోరు తెరిచి, ముందు పళ్ళ మధ్య మీ మూడు వేళ్ళు ఒకదాని మీద ఒకటిగా పడతాయో లేదో చూసి చెప్పండి.


బందరు_టీచర్
నవంబర్ 14, ఉదయం 5:50

రెండు వేళ్ళు తేలిగ్గా, మూడోది కాస్త నొప్పితో పట్టాయి డాక్టర్ గారూ. రాత్రి మీరు రాసింది మా ఆయనకు చదివి వినిపించాను. ఇన్నాళ్ళూ మెత్తటివి తిని మంచి చేసుకుంటున్నాను అనుకున్నాను.


గోధుమ_మానేశా
నవంబర్ 14, మధ్యాహ్నం 1:10

డాక్టర్ గారూ, మరి నాకు తగ్గింది కదా? నేను అబద్ధం చెప్పడం లేదు.


ఓరల్_మెడిసిన్_వరంగల్
నవంబర్ 14, రాత్రి 9:00

మీకు తగ్గిందంటే నేను నమ్ముతాను, సంతోషం కూడా. గ్లూటెన్ పడని సీలియాక్ జబ్బు ఉన్నవాళ్ళు గోధుమ మానాల్సిందే, దానికి రక్తపరీక్ష ఉంది. ఆ జబ్బు లేనివాళ్ళకు గోధుమ మానితే దవడ కండరం నొప్పి తగ్గుతుందనడానికి గట్టి ఆధారం లేదు. ఈ నొప్పి దానంతటది పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. బాగా ఎక్కువైనప్పుడే మనం కొత్తది మొదలుపెడతాం, తర్వాత తగ్గితే ఆ కొత్తదాని వల్లే అనుకుంటాం. ఆ రెండు నెలల్లో మీ జీవితంలో ఇంకేమైనా మారిందా? ఒకసారి గుర్తు తెచ్చుకోండి.


గోధుమ_మానేశా
నవంబర్ 15, ఉదయం 8:30

రాత్రి చాలాసేపు ఆలోచించాను. అదే నెలలో నైట్ షిఫ్ట్ నుంచి పగటి షిఫ్ట్‌కు మారాను. నాలుగేళ్ళ తర్వాత రాత్రి నిద్రపోవడం మొదలైంది. గోధుమ మానడంతో బయట తినే పరోటాలు, పిజ్జా అంచులు కూడా పోయాయి, అవి బాగా నమలాల్సినవే. ఏది పనిచేసిందో ఇప్పుడు చెప్పలేను. టీచర్ అక్కా, నా మాట మీద ఇంకొకటి మానేయొద్దు.


సంగటి_ముద్ద
నవంబర్ 15, ఉదయం 11:45

మాది రాయచోటి దగ్గర. మా అవ్వకు పళ్ళు లేకపోయినా సంగటి తిని బలంగా ఉండేది. సంగటి నమలరు, ముద్ద చేసి పులుసులో అద్ది మింగేస్తారు. జావ కంటే కడుపు నిండుతుంది. పప్పు, కోడిగుడ్డు పులుసు, మెత్తగా ఉడికిన ఆకుకూరతో తినండి అక్కా. ముందు ఒంట్లోకి బలం రావాలి. ఏడు కిలోలు తగ్గడం చిన్న విషయం కాదు.


ఫిజియో_అన్న
నవంబర్ 15, రాత్రి 10:10

సంగటి మాట బాగుంది, బలం కోసం తప్పకుండా తినండి. కానీ మింగేది ఎంత తిన్నా దవడకు పని దొరకదు, అందుకే దాని పక్కన నమిలేది ఒకటి ఉండాలి. నేను మా పేషెంట్లకు చెప్పేది మన వంటింటి లెక్కలో రాస్తాను.

మొదటి వారం: రోజూ ఒక్క పూట, భోజనం మొదట్లో ఐదు నిమిషాలు మాత్రమే. మెత్తటి చపాతీని పప్పులో కాస్త నానబెట్టి చిన్న ముక్కలుగా తినండి. లేదా దొండకాయ, సొరకాయ కూర ముక్కలు. రెండు వైపులా మార్చి మార్చి నమలాలి. మిగతా భోజనం మీకు అలవాటైన మెత్తటిదే. నొప్పి కాస్త వస్తుంది, వస్తే భయపడొద్దు. ఎంతసేపు ఉందో చూడండి. మర్నాటికి పోతే ఆ మెట్టు మీకు సరిపోయింది. రోజు దాటినా ఉంటే ఒక మెట్టు దిగండి. జావ దాకా మాత్రం దిగొద్దు. అది బాగా ముఖ్యం, ఎందుకంటే ఒక్క నొప్పి రోజుకు భయపడి మళ్ళీ మొదటికి వెళ్ళిపోయే వాళ్ళనే నేను ఎక్కువగా చూస్తాను.

రెండు మూడు వారాల్లో ఐదు నిమిషాలు పది అవుతాయి. దోసె, పెసరట్టు, మామూలుగా వండిన అన్నం, చిక్కుడుకాయ, కోడికూరలో మెత్తటి ముక్క. మటన్ అయితే ఖీమా. ఆ తర్వాత పుల్కా, బెండకాయ వేపుడు, కీరా ముక్కలు, సన్నగా తరిగిన జామకాయ. జొన్నరొట్టె వేడిగా ఉన్నప్పుడు, చల్లారితే తోలులా సాగుతుంది. ముందు పళ్ళతో కొరికేవి, అంటే జామకాయ నేరుగా కొరకడం, మొక్కజొన్న పొత్తు, చెరుకు గడ, ఇవి అన్నిటికంటే ఆఖర్న. మామిడి తాండ్ర, వేరుశనగ చిక్కీ, తేగలు కూడా అంతే, గట్టిగా ఉండటమో సాగటమో కాదు, వాటిని చాలాసేపు నమలాలి, అదీ ఇబ్బంది.

భోజనానికి ముందు పదిహేను నిమిషాలు గోరువెచ్చటి కాపడం. ఆవలింత వచ్చినప్పుడు గడ్డం కింద పిడికిలి ఆనించి నోరు మరీ తెరుచుకోకుండా ఆపండి. వ్యాయామాలు మాత్రం దగ్గర్లో ఒకరి దగ్గర చేతులతో నేర్చుకోండి, ఇక్కడ రాస్తే తప్పుగా చేస్తారు.


పాత_వక్కపొడి
నవంబర్ 16, మధ్యాహ్నం 3:30

ఇక్కడ చదివేవాళ్ళ కోసం ఒక మాట. నాకు 36. నాదీ దవడ కండరాల నొప్పే అనుకుని ఏడాది కాపడాలు, మాత్రలతో గడిపాను. కారం తింటే నోరు మండేది, అల్సర్ అనుకుని కారం మానేశాను. మజ్జిగన్నం తింటే హాయిగా ఉండేది కాబట్టి తిండి మార్చితే తగ్గుతోంది అనుకున్నాను. రెండు వేళ్ళు కూడా పట్టని దాకా వచ్చాక చూపిస్తే, బుగ్గల లోపల చర్మం గట్టిపడి పట్టీల్లా అయిందన్నారు. సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్. పదిహేనేళ్ళు వక్కపొడి, మధ్యలో గుట్కా. మానేసి నాలుగేళ్ళు అయింది, ఇప్పటికీ పూర్తిగా తెరవలేను. అలవాటు ఉన్నవాళ్ళు ఎవరైనా దయచేసి ఈ రోజే చూపించుకోండి.


ఓరల్_మెడిసిన్_వరంగల్
నవంబర్ 16, రాత్రి 8:45

మీరు రాసినందుకు చేతులెత్తి దండం పెడుతున్నాను. వారం వారం ఇలాంటివాళ్ళు వస్తారు, అందుకే టీచర్ గారిని మూడు వేళ్ళ సంగతి అడిగాను. పొగాకు కలపకపోయినా వక్క ఒక్కటే క్యాన్సర్ కారకమని 2004లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం వర్గీకరించింది. భోజనం తర్వాత సరదాగా వేసుకునే సుగంధ వక్కపొడికీ అదే వర్తిస్తుంది. మీరు ఆరు నెలలకోసారి నోరు చూపించుకోవడం మాత్రం మానొద్దు.


బందరు_టీచర్
నవంబర్ 19, రాత్రి 9:15

డాక్టర్ గారూ, మా ఊళ్ళో ఫిజిషియన్ రక్తపరీక్షలు చేయించారు. విటమిన్ డి 11, బీ12 కూడా తక్కువ. డి కోసం 60,000 యూనిట్ల పొట్లాలు ఇచ్చారు. ఇదేనా అసలు కారణం? మెగ్నీషియం కూడా వేసుకోమని మా చెల్లి అంటోంది. నూడుల్స్‌లో వేసే టేస్టింగ్ సాల్ట్ వల్ల కూడా దవడ నొప్పి వస్తుందని ఒక వీడియోలో చెప్పారు.


ఓరల్_మెడిసిన్_వరంగల్
నవంబర్ 20, రాత్రి 10:00

డి అంత తక్కువగా ఉంటే ఒళ్ళంతా కండరాలు నొప్పులు పెట్టవచ్చు, కాబట్టి తప్పకుండా వాడండి. మీ దవడకు అదొక్కటే కారణమని మాత్రం ఆశ పెట్టుకోవద్దు. పొట్లం వారానికి ఒకటి అంటే ఒకటే, రాసిచ్చినన్ని వారాలే. రోజూ వేసుకుని కాల్షియం పెరిగిపోయి ఆసుపత్రిలో చేరినవాళ్ళు ఉన్నారు. బీ12 తక్కువ కావడానికి మీరు ఇన్నాళ్ళు తిన్న తిండీ ఒక కారణం కావచ్చు, గుడ్డు తింటే మొదలుపెట్టండి. మెగ్నీషియం దవడ నొప్పికి పనిచేస్తుందనడానికి గట్టి రుజువు లేదు, కిడ్నీ ఇబ్బంది ఉన్నవాళ్ళు అస్సలు సొంతంగా వాడకూడదు. నువ్వులు, గుమ్మడి గింజలు పొడి చేసి అన్నంలో కలుపుకోండి, చాలు. టేస్టింగ్ సాల్ట్ పెద్ద మోతాదులో ఒకేసారి ఇచ్చి చూసిన చిన్న ప్రయోగం ఒకటి ఉంది, కొందరికి తలనొప్పి, కండరాలు ముట్టుకుంటే నొప్పి వచ్చాయి. నెలకోసారి తినే నూడుల్స్‌కు దాన్ని అంటగట్టలేం.


డిగ్రీ_అమ్మాయి_అమ్మ
నవంబర్ 22, ఉదయం 10:20

మా అమ్మాయికి డిప్రెషన్ మాత్రలు మొదలుపెట్టాక పళ్ళు బిగించడం మొదలైంది. తిండి వల్ల అనుకుని ఎన్నో మార్చాం. మాత్రలు ఇచ్చిన డాక్టర్‌కు చెబితే మోతాదు సర్ది వేరేది ఇచ్చారు, తగ్గింది. ఎవరూ ఆ మాత్రలు సొంతంగా మాత్రం ఆపకండి.


గుంటూరు_67
డిసెంబర్ 3, రాత్రి 8:05

ఇదంతా చదివాను. మా నాన్నగారికి 67. నెల రోజులుగా అన్నం నాలుగు ముద్దలు తినేసరికి దవడ నొప్పి, ఆపితే తగ్గుతుంది. కణత దగ్గర కొత్తగా తలనొప్పి, దువ్వెన తగిలితే నొప్పి అంటున్నారు. మెత్తటివి పెడుతున్నాం. ఆయన కూడా చపాతీతో మొదలుపెట్టవచ్చా?


ఓరల్_మెడిసిన్_వరంగల్
డిసెంబర్ 3, రాత్రి 8:20

చపాతీ మాట పక్కన పెట్టండి. ఈ రాత్రే చూపించండి. యాభై దాటినవాళ్ళకు నమిలితే దవడ నొప్పి, కణత నొప్పి, తల ముట్టుకుంటే నొప్పి కలిసి వస్తే, కణత రక్తనాళం వాచే జబ్బు ఒకటి ఉంది. మన దగ్గర అరుదే. కానీ ఆలస్యమైతే చూపు శాశ్వతంగా పోవచ్చు. ఒంట్లో వాపు ఉందో లేదో తెలిపే ఈఎస్ఆర్, సీఆర్పీ అనే రక్తపరీక్షలు చేస్తారు, అనుమానం గట్టిగా ఉంటే వెంటనే స్టెరాయిడ్లు మొదలుపెడతారు. కళ్ళు మసకబారినా, రెండుగా కనిపించినా నేరుగా పెద్దాసుపత్రికి వెళ్ళండి. ఇంకొకటి, దవడ నొప్పి నడిచినప్పుడు, మెట్లెక్కినప్పుడు వస్తోందా, చెమటలు పడుతున్నాయా అడగండి. అలా అయితే అది గుండె నుంచి వచ్చే నొప్పి కావచ్చు, 108కి ఫోన్ చేయండి.


గుంటూరు_67
డిసెంబర్ 5, ఉదయం 6:40

ఆ రాత్రే తీసుకెళ్ళాం. ఈఎస్ఆర్ బాగా ఎక్కువగా ఉంది, మందు వెంటనే మొదలుపెట్టారు. చూపు బాగుంది. నిన్న రాత్రి అన్నం మొత్తం తిన్నారు. మీకు ఎలా చెప్పాలో తెలియడం లేదు తల్లీ.


బందరు_టీచర్
జనవరి 4, రాత్రి 9:30

ఆరు వారాల పైన అయింది. మొదటి వారం నానబెట్టిన చపాతీకే రెండు రోజులు నొప్పి వచ్చింది, ఏడ్చాను. ఫిజియో అన్న రాసింది మళ్ళీ చదువుకుని ఒక మెట్టు దిగి సొరకాయ కూరతో కొనసాగించాను. జావ దాకా దిగలేదు. ఇప్పుడు రోజూ రెండు పూటలా నములుతున్నాను. కాఫీ పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి. పెన్నులన్నిటికీ మూతలు తీసేసింది మా పాప. నల్లబల్ల పక్కన పసుపు సుద్దతో చిన్న చుక్క పెట్టుకున్నాను, అది కనిపించినప్పుడల్లా పళ్ళు విడదీస్తాను. పొద్దుటి బిగుతు వారంలో రెండు రోజులే ఉంటోంది. మూడు వేళ్ళూ పడుతున్నాయి. 53 కిలోలు.

పరీక్షలు దగ్గర పడి, సిలబస్ వెనకబడిన వారం మళ్ళీ నొప్పి పెరిగింది, ఆ వారం తిండిలో ఏమీ మారలేదు.

సంక్రాంతికి అరిసెలు, జంతికలు చేస్తున్నారు అత్తగారు. ఏవి తినొచ్చు?


ఫిజియో_అన్న
జనవరి 4, రాత్రి 10:45

అరిసె తినండి అక్కా, కొత్తది, మెత్తగా ఉన్నప్పుడు, చిన్న ముక్కలుగా తుంచుకుని. జంతిక ఒకటి, విరిచి, వెనక పళ్ళతో, రెండు వైపులా. చెరుకు గడ ఈ ఏడాదికి వద్దు, రసం తాగండి.


బందరు_టీచర్
జనవరి 15, సాయంత్రం 5:10

అరిసె ఒకటిన్నర, జంతిక ఒకటి తిన్నాను. రాత్రి కాస్త లాగింది, పొద్దుటికి లేదు. అత్తగారు ఇవాళ పులిహోర పోపులో శనగపప్పు, వేరుశనగలు ఏరకుండా వడ్డించారు.